సరోలి స్టేషన్ ముందరి ఇడ్లీ హోటల్

సూరత్ వెళ్లొచ్చానని తెలియగానే మా బస్టాండులో అందరూ అడిగింది ఒకటే: "చీరలు ఎన్ని తెచ్చినవ్?" ఒక్కటి తెచ్చాను. అదీ కొన్నది కాదు, నేను బస చేసిన ఇంటావిడ బొట్టుపెట్టి చేతిలో పెట్టింది. సూరత్ దాకా పోయి చీరల బజారు ముఖం చూడకుండా తిరిగొచ్చిన ఆడదాన్ని నేనొక్కదాన్నేనేమో. నేనక్కడ ఎక్కువసేపు గడిపింది ఊరి చివర, ఇంకా రైలు రాని ఒక మెట్రో స్టేషన్ ఎదురుగా. దాన్ని చూడటానికి పనిగట్టుకుని ఎవరూ వెళ్లరు కాబట్టి, నాకు కనబడినంత రాస్తున్నాను.

నా పేరు పద్మ. మెట్‌పల్లి బస్టాండులో ఏ బస్సు ఎక్కడికి పోతుందో మైకులో చెప్పే ఉద్యోగం. నలభై ఆరేళ్లు. మా ఆయన కరెంటు పని చేసేవాడు, పోయి చాలా ఏళ్లయింది. పిల్లలు లేరు. కిందటి వానాకాలం జ్వరమొచ్చి లేవలేక పడి ఉంటే, ఆ సంగతి ఎవరికీ తెలియలేదు. పాల ప్యాకెట్లు గేటుకు అలాగే వేలాడుతుండటం చూసి పక్కింటి సుజాత తలుపు కొట్టింది. ఆ తర్వాత సుజాతే సూరత్‌లో ఉన్న తన మేనత్త భూలక్ష్మికి ఫోన్ చేసి, "మా పద్మక్కకు ఏదన్నా సంబంధం చూడరాదూ" అందట.

భూలక్ష్మక్క చూసింది. ఆయన పేరు రాజేశం. మా జగిత్యాల వైపు మనిషే. భార్య పోయింది, కూతురికి పెళ్లయి భీవండిలో ఉంటోంది. "మెట్రో స్టేషన్ కాడ హోటల్ ఉన్నదే. మనిషి బంగారం," అని ఫోన్లో చెప్పింది.

మామూలుగా పెళ్లిచూపులకు మగవాళ్లు వస్తారు. నేనే వెళ్తానన్నాను. సుజాత బుగ్గలు నొక్కుకుంది. "నువ్వు పోతవా అక్కా, మగమనిషిని చూడనీకి?"

"రేపు నేను బతకాల్సిన జాగ నేను చూసుకోవద్దా?" అన్నాను. అనడం అయితే అన్నాను గానీ, రామగుండంలో రైలెక్కేదాకా సంచిలో టికెట్టు ఉందో లేదో తడిమి చూసుకుంటూనే ఉన్నాను.

రైలులో

నా బెర్తు చుట్టూ సిరిసిల్ల వైపు మగ్గాల పనివాళ్లు. ఇంటికి పోయి తిరిగి పనిలోకి వెళ్తున్నారు. ప్రతివాడి దగ్గరా ఒక పచ్చడి డబ్బా ఉంది. నాకు కూడా ఒక ముద్ద పెట్టారు. వారిలో పెద్దాయన అడిగాడు: "ఎవరింటికి పోతున్నవ్ చెల్లె?"

"చుట్టాలింటికి," అన్నాను.

"సూరత్ ఎట్లుంటదే అన్నా?" అని నేనడిగితే ఆయన, "డ్యూటీ ఉంటది. నిద్ర ఉంటది. మిగిలింది నేను జూడలే," అన్నాడు. పక్కవాళ్లు నవ్వారు. ఆయన నవ్వలేదు.

పొద్దున జల్గావ్‌లో అరటిపళ్లు కొన్నాను. మా దగ్గర డజనుకు పెట్టే డబ్బుకు అక్కడ గెలలో సగం ఇచ్చినట్టనిపించింది. అంతా తినడానికి నేనొక్కదాన్నే కదా అని కొన్నాక గుర్తొచ్చింది. బోగీ అంతా పంచాను. నవాపూర్ దాటాక కొండలు, టేకు చెట్లు, మళ్లీ చదును నేల. ఫ్యాక్టరీ గొట్టాలు కనబడగానే మగ్గాల వాళ్లు సంచులు సర్దుకున్నారు. వాళ్లంతా దిగుతుంటే నేనూ దిగాను. రైలు కదిలిపోయాక బోర్డు చూస్తే అది సూరత్ కాదు, ఉధ్నా.

ఏ పాటియా?

ఉధ్నా నుంచి కూడా వెళ్లొచ్చని భూలక్ష్మక్క ఫోన్లో ధైర్యం చెప్పింది. ఆటో అతనితో "పాటియా" అన్నాను. అతను తలూపాడు. నాకు తెలియని సంగతేమిటంటే, సూరత్‌లో పాటియాలు చాలా ఉన్నాయి. అతను నన్ను తీసుకుపోయి ఉన్ పాటియాలో దించాడు. నేను వెళ్లాల్సింది పర్వత్ పాటియా. అది ఇంకో దిక్కు.

చుట్టూ బోర్డులన్నీ గుజరాతీలో. హిందీ అక్షరాలకు తలమీద గీత తీసేస్తే ఎలా ఉంటాయో అలా ఉన్నాయి. కొన్ని తెలిసినట్టే ఉంటాయి, చదవబోతే జారిపోతాయి. ఇరవై ఏళ్లుగా బోర్డులు చూసి జనానికి దారి చెప్పేదాన్ని, సంచి పట్టుకుని రోడ్డు పక్కన నిలబడిపోయాను. కళ్లలో నీళ్లు తిరిగాయి. ఒక బురఖా ఆవిడ తన ఇంటి ముందు బట్టలు ఆరేస్తూ నన్ను చూసి, లోపలి నుంచి కుర్చీ, చెంబుతో నీళ్లు తెచ్చింది. నా ఫోన్ తీసుకుని భూలక్ష్మక్కతో హిందీలో మాట్లాడింది. తర్వాత రోడ్డు మీదికి వచ్చి తనే ఆటో ఆపి, ఆటో అతనితో రెండుసార్లు చెప్పించింది: "పర్వత్. పర్వత్ పాటియా." ఆమె పేరు అడగడం మరిచిపోయాను.

పర్వత్ పాటియాలో

భూలక్ష్మక్క ఇల్లు మూడో అంతస్తులో ఒక గది, వంటిల్లు. భర్త మగ్గం మీద రాత్రి డ్యూటీ చేసి వచ్చి పగలు పడుకుంటాడు కాబట్టి ఆ ఇంట్లో అందరూ గుసగుసగానే మాట్లాడతారు. కింద వీధిలో మగ్గాల చప్పుడు మాత్రం ఎవరి నిద్రనూ లెక్కచేయదు. చాయ్ గ్లాసు నేల మీద పెడితే పైన మీగడ సన్నగా వణుకుతుంటుంది. రెండో రోజుకు ఆ చప్పుడు నాకు వినిపించడం మానేసింది.

భూలక్ష్మక్క నా కోసం సర్వపిండి చేసింది. పక్కింటి గుజరాతీ ఆవిడ పప్పు పంపింది, అందులో బెల్లం. మా దగ్గర పప్పులో బెల్లం వేస్తే ఏదో పొరపాటు జరిగిందనుకుంటాం. ఇంకో తేడా, ఇక్కడ కల్లు దుకాణం లేదు, మందు దుకాణం లేదు. "మా ఆయన మొదట్ల మస్తు తిప్పలు వడ్డడు," అని భూలక్ష్మక్క నవ్వింది. "గిప్పుడు ఇంటికి పోయినా తాగబుద్ది కాదంటడు."

మనవరాలు స్వాతి ఇంట్లోనే కూర్చుని చీరలకు మెరుపు రాళ్లు అంటిస్తుంది. ఇరవై ఏళ్ల పిల్ల. సూరత్‌లోనే పుట్టింది. నన్ను మాసీ అంది, పిన్ని అని.

"మాసీ, సచ్చీ మీరు రాజేశం అంకుల్‌ను చూడనీకే వచ్చిండ్రా? బహు సారా మాణస్. పణ్ ఏం మాట్లాడడు. మనమే మాట్లాడాలె."

"అంటే మంచోడేనా?"

"మంచోడే. అరే, అదే చెప్పిన కదా గుజరాతీల!"

నాకు గుజరాతీ రాదన్న సంగతి ఆ పిల్లకు అప్పుడు తట్టింది. ఇద్దరం నవ్వుకున్నాం.

సరోలి

మర్నాడు పొద్దున ముగ్గురం షేర్ ఆటోలో సరోలికి బయలుదేరాం. రోడ్డు మధ్యలో స్తంభాలు, వాటి మీద మెట్రో వంతెన. ఆటో వెంట అదీ వస్తూ ఉంటుంది. ఒక పక్క బట్టల గోదాములు, పెద్ద పెద్ద మార్కెట్లు, మూటలెత్తే టెంపోలు. కొంత దూరం పోయాక వంతెన లావై స్టేషనవుతుంది. అదే ఈ లైనులో చివరి స్టేషన్. స్టేషన్ దాటాక వంతెన ఇంకొంచెం ముందుకు పోయి ఉన్నట్టుండి ఆగిపోతుంది. దాని కొసన ఇనుప చువ్వలు ఆకాశంలోకి పొడుచుకొచ్చి ఉన్నాయి. మెట్లు కట్టారు. మెట్ల ముందు రేకుల కంచె. ఎక్కేవాళ్లు లేరు, దిగేవాళ్లు లేరు. ఇరవై ఏళ్లుగా జనంతో కిటకిటలాడే చోటే పనిచేస్తున్న నాకు, ప్రయాణికులు లేని ఆ స్టేషన్ చూస్తుంటే ఏదో బడికి సెలవిచ్చినట్టు దిగులేసింది.

ఆ మెట్లకు సరిగ్గా ఎదురుగా ఒక షట్టరు. పైన గుజరాతీలో, హిందీలో ఏదో రాసి, ఆ కింద చిన్నగా తెలుగులో "ఇడ్లీ" అని ఉంది. నాలుగు ప్లాస్టిక్ స్టూళ్లు, ఒక బల్ల. భూలక్ష్మక్క చెప్పిన హోటల్ అదే. నేను మనసులో అద్దాల తలుపులు ఊహించుకుని ఉన్నాను.

రాజేశం పొయ్యి వెనక నిలబడి ఉన్నాడు. సన్నటి మనిషి, నెరిసిన మీసం, మడత నలగని చొక్కా. మమ్మల్ని చూసి గరిటె ఎక్కడ పెట్టాలో తెలియక చేతులు మార్చుకున్నాడు.

"రాండ్రి. కూసోండ్రి మేడం," అన్నాడు. ఆ మేడం అన్న మాటకు స్వాతి నవ్వాపుకోలేకపోయింది. కాసేపటికి కూరగాయలు కొనాలంటూ భూలక్ష్మక్క ఆ పిల్లను లాక్కుపోయింది.

ఆయన ఇడ్లీలు పెట్టాడు. దూదిలా ఉన్నాయి. పల్లీ చట్నీలో మన కారమే. నేను తింటుండగా తలకు హెల్మెట్లతో నలుగురు పనివాళ్లు వచ్చారు. ఝార్ఖండ్ వాళ్లట. వాళ్ల వెనకే ఒక మార్కెట్ గుమాస్తా వచ్చి ఇడ్లీ మీద సేవ్, అంటే సన్న కారప్పూస, చల్లమన్నాడు. రాజేశం మారుమాట లేకుండా డబ్బా తీసి చల్లాడు.

"ఇడ్లీ మీద సేవా?" అన్నాను, ఆయన వెళ్లాక.

"ఈడ దేని మీదనన్న ఏస్తరు. మొదట్ల నాకు ఏడుపొచ్చేది," అన్నాడు. అదే ఆయన నాతో అన్న మొదటి పొడుగు మాట.

ఆ తర్వాత బల్ల తుడిచాడు. తుడిచిన బల్లనే మళ్లీ తుడిచాడు. చివరికి అడిగాడు: "మైకుల చెప్పేది మీరేనటగా?"

"అవును."

"ఏదీ, జర ఒక్కపారి చెప్పుండ్రి."

సిగ్గేసింది. కానీ ఆయన నిజంగా అడుగుతున్నాడు. గొంతు తగ్గించి చెప్పాను: "కోరుట్ల, జగిత్యాల మీదుగా కరీంనగర్ వెళ్లు బస్సు మూడవ నంబరు ప్లాట్‌ఫారం మీద సిద్ధంగా ఉన్నది."

చేతిలో గుడ్డ అలాగే ఉండిపోయింది ఆయనకు. "ఆ బస్సు మా ఊరి స్టేజీ కాడ ఆగుతది," అన్నాడు. "మా ఇంటామె పోయినంక మళ్ల ఎక్కలే."

ఆ పూట నేను ఊరికే కూర్చోలేదు. వచ్చిన వాళ్లకు ప్లేట్లు అందించాను. ఆయన వద్దని చేయి అడ్డుపెట్టాడు గానీ, రద్దీ పెరిగాక ఆ చేయి తీసేశాడు. "దో ప్లేట్" అని ఎవరో అంటే, నేను అలవాటు కొద్దీ గట్టిగా, స్పష్టంగా "రెండు ప్లేట్లు!" అన్నాను. రోడ్డు అవతలి వాచ్‌మన్ కూడా తలతిప్పి చూశాడు. రాజేశం నవ్వాడు. పన్ను ఒకటి లేదు ఆ నవ్వులో. నాకు నచ్చాడు. అంతకంటే వివరంగా చెప్పడం నాకు రాదు. తిరిగి వచ్చేటప్పుడు ఆటోలో స్వాతి "క్యా మాసీ?" అని మోచేత్తో పొడిస్తే బయటి స్తంభాలు లెక్కబెడుతున్నట్టు నటించాను.

స్టేషన్ మెట్ల మీద

మరుసటి రోజు ఆదివారం. మార్కెట్లు మూసి ఉన్నాయి, స్టేషన్ పని కూడా ఆగింది. ఒక్కదాన్నే వెళ్లాను. మధ్యాహ్నం గిరాకీ లేక ఆయన పొయ్యి ఆపాడు. షట్టరు కింద ఎండ. ఎదుటి స్టేషన్ మెట్ల మీదే నీడ. వాచ్‌మన్‌తో ఒక మాట చెప్పి, కంచె సందులోంచి తీసుకెళ్లి కింది మెట్ల మీద కూర్చోబెట్టాడు. నాకు ఒక మెట్టు కింద ఆయన కూర్చున్నాడు. మా పైన ఎక్కడో రెండు పావురాలు ఖాళీ ప్లాట్‌ఫారం మీద తిరుగుతున్న చప్పుడు.

"ఒక మాట చెప్త. మీకు కోపమొస్తదేమో," అన్నాడు.

"చెప్పుండ్రి."

"భూలక్ష్మక్క హోటల్ అని చెప్పింది. చూసిండ్రు కదా, షట్టరు. రాత్రి ఆ పొయ్యెనుకనే పండుకుంట. మా ఇంటామె ఉన్నన్ని దినాలు లూమ్ కార్ఖాన మీద రేకుల రూముల ఉన్నం. కిటికీ లేదు. కిటికీ ఉన్న రూము తీసుకుందాం అంటుండె. ఎప్పుడన్నా అంటుండె, కొట్లాడి కాదు. లూమ్ ఇడిసిపెట్టి ఈ షట్టరు దొరికేటాల్లకు ఆమె లేదు."

నేను ఎదుటి షట్టరు వైపు చూశాను.

"రైలు నడవనియ్యుండ్రి," అన్నాడు. "ఇది ఆఖరి స్టేషన్. ఎక్కేటోళ్లు, దిగేటోళ్లు అందరు ఈ మెట్ల మీదికెల్లే రావాలె. అప్పుడు ఆ పైన రూము తీసుకుంట. కిటికీ ఉన్నది దానికి, చూసిన. అప్పుడు మీ ఊరికి వచ్చి మీ పెద్దోళ్లను అడుగుత."

"ఎప్పుడు నడుస్తది?"

"వచ్చే యేడు అంటున్రు."

"పోయిన యేడు ఏమన్నరు?"

ఆయన నేల చూసి నవ్వాడు. "గదే అన్నరు."

నా జీవితంలో ఎవరి ముందూ నోరు తెరిచి నాకిది కావాలని అడగలేదు. ఆ మెట్ల మీద అడిగాను.

"రాజేశం గారూ, నేను రైలు కోసం రాలే. మిమ్ములను చూడనీకి వచ్చిన. చూసిన. మీ షట్టరు గూడ చూసిన. నాకు మంచిగనే అనిపించింది. ఉద్యోగం ఇడిసిపెట్టి రానీకి గూడ రాత్రంత ఆలోచన చేసుకున్న. ఇద్దరం కలిసి చేసుకుంటే, ఆ రూము రైలు రాకముందే తీసుకోవచ్చు."

ఆయన తన చేతులు చూసుకున్నాడు. పొయ్యి దగ్గర కాలిన మచ్చలు ఉన్నాయి ఆ చేతుల మీద.

"మీరు గట్లంటరనే భయపడ్డ," అన్నాడు చివరికి. "మళ్లొక్క ఆడమనిషిని తెచ్చి పొయ్యెనుక పండవెట్టి, పొద్దున లేసి ఆమె ముఖం చూడాలంటే నాతోని కాదు. మీరు ఏమనరు. నాకెరుకే, ఆమె లెక్కనే మీరు గూడ ఏమనరు. అందుకే నాతోని కాదు."

"నేను అంటా. రోజూ అంటా. సరేనా?"

నవ్వుతాడేమోనని అన్నాను. నవ్వలేదు. తల మాత్రం అడ్డంగా ఊపాడు.

చెడ్డవాడైతే కోపం తెచ్చుకుని లేచి వచ్చేద్దును. అబద్ధాలకోరైతే భూలక్ష్మక్కను నాలుగు తిట్టి మనసు తేలిక చేసుకుందును. దేనికీ వీలు లేకుండా కూర్చున్నాడు, ఒక మెట్టు కింద. వాచ్‌మన్ కంచె దగ్గరికి వచ్చి చాయ్ ఉందా అని అడిగాడు. రాజేశం లేచి వెళ్లి పొయ్యి వెలిగించాడు. నేను ఇంకాసేపు అక్కడే ఉన్నాను. రైళ్లు వచ్చాక ఆ మెట్లను ఎన్ని వేలమంది తొక్కుతారో గానీ, ఆ రోజు వాటి మీద నేనొక్కదాన్నే.

సూరత్ స్టేషన్

భూలక్ష్మక్క ఆయన్ను ఫోన్లో దులిపేసింది. "నీకు రైలు కావాల్నా, మనిషి కావాల్నా?" అని ఆమె అరుస్తుంటే, నిద్రపోతున్న భర్త లేచి కూర్చున్నాడు. అవతలి నుంచి జవాబు ఏమొచ్చిందో నేనడగలేదు. వెళ్లేముందు ఆమె నాకు బొట్టుపెట్టి, స్వాతి రాళ్లు అంటించిన చీర ఒకటి చేతిలో పెట్టింది. ఆకుపచ్చది.

ఈసారి పొరపాటు పడకుండా సూరత్ స్టేషన్‌లోనే ఎక్కాను. రాజేశం ప్లాట్‌ఫారం మీద అప్పటికే ఉన్నాడు. చేతిలో పేపరు చుట్టిన పొట్లం. కిటికీ దగ్గర నిలబడి దాన్ని లోపలికి అందించాడు.

"తొవ్వల తినుండ్రి."

"రాజేశం గారూ," అన్నాను, "మెట్రో రైలు నడిచిందని నాకు ఫోన్ చేయకుండ్రి. అంతకు ముందు ఎప్పుడన్నా చేయబుద్దయితే చేయుండ్రి."

ఆయన తలూపాడు. రైలు కదిలితే రెండడుగులు కూడా వచ్చాడు, తర్వాత జనం అడ్డొచ్చారు.

ఇది రాస్తున్న నాటికి ఆ ఫోన్ రాలేదు. స్టేషన్ కూడా ఇంకా తెరవలేదని భూలక్ష్మక్క చెబుతోంది.

నందుర్బార్ దాటాక

నా ఎదుటి బెర్తులో అకోలా వెళ్లే ఒక మరాఠీ ఆవిడ. నందుర్బార్ దాటాక నేను పొట్లం విప్పితే తొంగిచూసి, ఎంత చక్కగా కట్టారో అని మెచ్చుకుంది. నిజమే. ఇడ్లీలు అరిటాకులో, చట్నీ వేరే చిన్న డబ్బాలో, కారం పొడి మడతపెట్టిన కాగితంలో. "ఘర్‌వాలేనే దియా?" అని అడిగింది. మీ ఆయన కట్టిచ్చాడా అని.

"నహీ," అన్నాను. ఆ తర్వాత ఏం చెప్పాలో నా హిందీకి అందలేదు. తెలుగులో అడిగినా అందేది కాదు. ఆమెకు రెండు ఇడ్లీలు పెట్టాను.

తినబోతే చట్నీలో ఉప్పు లేదు. వేయడం మరిచిపోయాడు. ఎప్పుడు రుబ్బాడో, ఏ ఆలోచనలో రుబ్బాడో. ఉప్పు మరిచిపోయారని చెబుదామని ఫోన్ తీశాను. ఆయన పేరు దాకా వెళ్లాను. బయట పత్తి చేలు వెనక్కి పోతున్నాయి. ఉప్పు లేదని చెప్పడం ఇంట్లో మనిషి అనాల్సిన మాట కదా అనిపించి, ఫోన్ సంచిలో పెట్టేశాను. ఎదుటి ఆవిడ తన డబ్బాలోంచి నిమ్మకాయ పచ్చడి ఒక బద్ద తీసి నా ఆకులో వేసింది. అది నంజుకుని, ఉన్నవన్నీ తిన్నాను.